గీత గీసిన చెంబు

భర్త గోపాలయ్య పోయి ఆరేళ్ళయినా ఆయన ఎవర్‌సిల్వర్ చెంబును రాజలక్ష్మి అటక ఎక్కించలేదు. దాని మెడ కింద మేకుతో గీసిన గీత ఒకటుంది. డయాలసిస్ రోజుల్లో ఆయనకు పొద్దుటి నుంచి పడుకునేదాకా ఆ గీత వరకే నీళ్ళు. చారు పోసుకుంటే చెంబులోంచి అంత ఒంచెయ్యాలి. "నాలిక తడుపుకుంటానే రాజీ" అని ఆయన బతిమాలితే, మొహం తిప్పుకుని చెంబు దాచిపెట్టిన మనిషి ఆమె.

మూడు నెలల కిందట కూతురు సంయుక్తకు స్కాన్ తీస్తే తండ్రికి ఉన్నట్టే నీటితిత్తులు మూత్రపిండాల నిండా కనబడ్డాయి. డాక్టరు చాలా చెప్పాడు. రాజలక్ష్మి చెవిన పడింది ఒక్కటే, నాన్నగారి జబ్బే అని. రెండు రాత్రులు కన్ను మూయకుండా గడిపి, మూడోనాడు పొద్దున్నే చెంబు తోమి గీతదాకా నింపింది.

"రోజుకి ఇంతే తాగాల పాపా. తిత్తుల్లో ఉండేదే నీళ్ళు. ఇంకా పోస్తే ఊరవా?"

సంయుక్త ఆ చెంబును, అమ్మ ఎర్రబడిన కళ్ళను చూసింది. "సరిమా" అంది.

ఆనాటి నుంచి, తండ్రి పథ్యంలో లాగే, ఇంట్లోకి అరటిపండు రాలేదు. బంగాళాదుంపల్ని రెండుసార్లు ఉడికించి నీళ్ళు పారబోసేది. పిల్ల నోరు చప్పబడిపోతుందని మాత్రం అంబత్తూరులో ఆఫీసుకు పట్టుకెళ్ళే క్యారియరులో రోజూ నాలుగు ఊరమిరపకాయలు, అప్పడాలు, మాగాయ ముక్క పెట్టేది. నాలికకైనా ఆ మాత్రం సుఖం ఉండాలిగదా!

శనివారం పురసవాక్కంలో ఆహార నిపుణురాలు వాసంతి దగ్గరికి తల్లీకూతుళ్ళు వెళ్ళారు. వాసంతి తమిళమ్మాయి, తెలుగు పట్టిపట్టి మాట్లాడుతుంది. రాజలక్ష్మి సంచిలోంచి చెంబు తీసి బల్లమీద పెట్టింది.

"వాళ్ళ నాయనకి ఇచ్చినట్టే రోజుకి ఈ గీతదాకే ఇస్తా ఉండానమ్మా. ఒక్క చుక్క మీరలా."

వాసంతి చెంబునూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. "అయ్యో ఆంటీ! ఇది మీ ఆయన పథ్యం. కిడ్నీలు పని ఆపేసినాక పెట్టేది. మీ పాపకి ఇప్పుడు బాగా పని చేస్తా ఉన్నాయి. ఆమెకి నీళ్ళు మెండుగా పోవాల. అరటిపండూ తినొచ్చు. మార్చాలంటే పరీక్షలు చూసి మేమే చెప్తాం. తగ్గించాల్సింది ఉప్పు. ఊరగాయలు తింటదా?"

రాజలక్ష్మి కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుంది. మూడు నెలలు! కన్నబిడ్డ నోరు తన చేత్తోనే ఎండగట్టింది.

"ఏడవబాక మా, ఇటు చూడు." సంయుక్త హ్యాండుబ్యాగులోంచి లీటరు సీసా తీసింది. "ఆఫీసులో రోజూ రెండు తూర్లు నింపుకుంటా ఉండా. డాక్టరు ఆ రోజే చెప్పినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదే, దొంగముండా!"

"స్కాన్ చూసినాక నువ్వు నిద్రపోయినావా? గీతదాకా కొలిచి పెట్టినాకనే గదా నీ కన్ను మూతపడింది. ఆ నిద్ర చెడగొట్ట బుద్ధి కాలా."

రాజలక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"సరే, ఊరగాయలు?" వాసంతి వదల్లేదు.

సంయుక్త తలొంచుకుంది. "అవి మాత్రం... తినేసినా."

ఇల్లు చేరగానే ఊరమిరపకాయల డబ్బా, మాగాయ జాడీ కింద పోర్షన్ వాళ్ళ వంటింటికి వెళ్ళిపోయాయి. రాజలక్ష్మి చెంబు తోమి, గీత దాటించి, అంచుదాకా నింపింది. ఆ చెంబును అంత నిండుగా ఆమె చూడటం ఆరేడేళ్ళలో అదే మొదటిసారి. సాయంత్రానికి మూడోసారి కూతురి ముందు పెట్టింది.

"తాగు పాపా."

"కడుపు పగిలిపోతాది మా!"

రాజలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. "పగలతాదా? ఆ తిత్తులేమన్నా...? వాసంతికి ఫోన్ చెయ్యవే!"

"ఊరికే అన్నా మా!" సంయుక్త నవ్వుతూ చెంబెత్తి గటగటా తాగింది. ఆఖరి గుటక దిగేదాకా రాజలక్ష్మి ఆ గొంతుకేసే చూస్తూ నిలబడింది.