బిళ్ల లేకుండా లేచినవాళ్లు

మా కుట్టు హాలు కిటికీలకు రంగు పూశారు. బయట ఎండో వానో తెలియదు. నలభై మంది ఆడవాళ్లం. మరుగుదొడ్డికి వెళ్లాలంటే మెళ్లో వేసుకెళ్లాల్సిన చెక్కబిళ్ల ఒకటే, అదీ సూపర్‌వైజర్ బల్ల మీద. అందుకే పొద్దున్నుంచీ నీళ్లు ముట్టం. అదేదో మా ఓర్పని మురిసిపోయేవాళ్లం, బుద్ధి లేక.

కాలర్లు కుట్టే అమ్మాయికి సికిల్ సెల్ జబ్బు. ఒంట్లో నీళ్లు తగ్గితే నెత్తురు కణాలు వంకర తిరిగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఆ నొప్పికి మనిషి మెలికలు తిరిగిపోతుంది. ఆ రోజు ఆమె రెండోసారి బిళ్ల అడిగింది. సూపర్‌వైజర్ ఆమె సీసా లాక్కుని, అందరి ముందూ నీళ్లు పారబోశాడు.

"తాగితేనే కదా వెళ్లాల్సొచ్చేది! నాటకాలాడకు."

మేం తలలు దించుకుని కుట్టుకున్నాం. మాకు తోచిన మంచి ఒకటే చేశాం. ఆమె వాటా కాలర్లు తలా కొన్ని కుట్టి, చప్పుడు చేయకుండా ఆమె గంపలో వేశాం.

ఆ తర్వాత ఆమె సీసా ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది. నవ్వు పోయింది, మాట పోయింది. ఒక రోజు భోజనాల వేళ గుండీలు కుట్టే పెద్దమ్మ నిలదీసింది.

"నీళ్లెందుకు తాగట్లేదే? చస్తావే పిచ్చిమొహమా!"

"చస్తే మీకు నా పని తప్పుతుంది కదా పెద్దమ్మా. నొప్పొస్తే నొప్పి. రాకపోతే ఎప్పుడొస్తుందోనని భయం. ఇప్పుడు మీ అందరికీ బరువయ్యాను. బతకాలని లేదు."

మేం చేసిన మంచే ఆమెను గోతిలోకి తోసింది. బిళ్ల ఎందుకని అడగడం వదిలేసి, ఆమెను మోశాం.

"మూడేళ్లుగా నాకు ఒంటేలుకెళ్తే మంట. ఎవరికీ చెప్పలేదు," అన్నాను.

"నాకు మూత్రపిండంలో రాళ్లు," అంది జేబులు కుట్టే వదిన.

"నాకూ," అంది ఇంకో గొంతు. తర్వాత మరొకటి.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "విన్నావుటే? బరువు నువ్వు కాదు."

ఆ మధ్యాహ్నం హాలంతా నీళ్లు తాగాం. ముందు పెద్దమ్మ లేచింది.

"బిళ్లేదీ?" అరిచాడు సూపర్‌వైజర్.

"నువ్వే మెళ్లో వేసుకో నాయనా!"

ఆమె వెనకే మేమంతా లేచాం. మిషన్లు ఆగిపోయాయి.

సాయంత్రం పెద్దమ్మను పనిలోంచి తీసేశారు. మర్నాడు ఆమె మిషన్ ఖాళీ. బల్ల మీద మళ్లీ అదే బిళ్ల. ఇక అంతేనేమో అనుకున్నాను.

కాలర్లమ్మాయి సీసా మూత తీసింది. నీళ్లన్నీ గటగటా తాగింది.

"ఇంకా భయంగానే ఉందక్కా," అంది నాతో.

అంటూనే లేచి, బిళ్ల వైపు చూడకుండా నడిచింది. వెనకే ముప్పై ఎనిమిది కుర్చీలు కదిలాయి.

"పెద్దమ్మ వచ్చేదాకా ఎవరూ కూర్చోవద్దు!" అంది ఆమె.