తొంభై నాలుగో పేరు

నేను ఒక సైక్లోస్టైల్ యంత్రాన్ని. ఒంటినిండా నల్లరంగు, పక్కన ఒక ఇనుప పిడి, మధ్యలో పీపాలాంటి పెద్ద కడుపు. ఆ కడుపులో సిరా పోసి, పైన అక్షరాలు గీసిన మైనపు కాగితం చుట్టి పిడి తిప్పితే, ఒకే మాటను వెయ్యిసార్లు చెప్పగలను. ఆ మాట నిజమో అబద్ధమో మాత్రం నన్నెవరూ అడగరు. అడిగితే చెప్పడానికి నాకు నోరూ లేదు. ఇన్నేళ్ళకు మీరు దొరికారు కాబట్టి చెబుతున్నాను, వినండి.

లండన్‌లో పుట్టి, ఓడెక్కి మద్రాసులో దిగాను. యుద్ధం రోజుల్లో ఒక ప్రచార కార్యాలయంలో పనిచేశాను. ‘బియ్యానికి కొరత లేదు’ అని రోజుకు రెండువేల కాగితాలు కొట్టేదాన్ని. వాటిని పంచే బంట్రోతు మధ్యాహ్నం కాగానే సెలవు పెట్టి, బియ్యం కోసం వరసలో నిలబడేవాడు. అతను నా వంక చూసి నవ్వితే నాకు సిగ్గేసేది. యుద్ధం ముగిశాక నన్ను వేలం వేశారు. రాజమండ్రిలో లాంచీలు నడిపే జగ్గారాయుడు గారు పాడుకుని, గోదావరి ఒడ్డున తన ఆఫీసులో ఒక మూల పెట్టారు.

జగ్గారాయుడు గారు చెడ్డమనిషి కాదు. కాకపోతే పత్రికల వాళ్ళంటే ఆయనకు భయం. ఎవరైనా విలేఖరి గుమ్మంలోకి వస్తే ఉప్మా, కాఫీ పెట్టించి, కుశల ప్రశ్నలు వేసి, అసలు సంగతి రాకముందే రిక్షా పిలిపించేవారు. ఆ ఉప్మా పెట్టించే పని కోసమే సోమసుందరం గారిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. హోదా పేరు ‘ప్రచార గుమస్తా’. పౌర సంబంధాలు అనే మాట ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరి నోటా విని ఎరగను.

సోమసుందరం గారు అంతకుముందు పన్నెండేళ్ళు మద్రాసులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. సన్నటి మనిషి, ముక్కు మీద జారే కళ్ళజోడు. ఇంటికొచ్చిన శుభలేఖలో కూడా తప్పు దిద్దకుండా ఉండలేరు. జేబులో ఒక పాత పత్రిక ముక్క మడతపెట్టి దాచుకునేవారు. అమెరికాలో రైలు ప్రమాదం జరిగితే, ఆ రైలు కంపెనీ తరఫున ఒకాయన విలేఖరులను తానే బండెక్కించి ప్రమాద స్థలానికి తీసుకెళ్ళి, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి ఇచ్చాడట. అందరూ దాచే చోట ఆయన తలుపు తీశాడన్నమాట. సోమసుందరం గారు ఆ ముక్కను చదివి, మడిచి, నిట్టూర్చి, ఉప్మా సంగతి చూడటానికి లేచేవారు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఆశ్వయుజ మాసంలో ఒక మంగళవారం పొద్దున, పోలవరం నుంచి వస్తున్న మా లాంచీ నీళ్ళ కింద ఇసుక మేట ఎక్కి పక్కకు ఒరిగిపోయింది. పైనున్న జనమంతా నీళ్ళలో పడ్డారు. చేపల పడవల వాళ్ళు దేవుళ్ళలా వచ్చి దొరికినవాళ్ళను దొరికినట్టు చెరో ఒడ్డుకూ చేర్చారు. మధ్యాహ్నానికల్లా రాజమండ్రిలో నలభై మంది పోయారన్నారు. సాయంత్రానికి అరవై అన్నారు.

“ఏమీ జరగలేదని రాసెయ్యవయ్యా!” అన్నారు జగ్గారాయుడు గారు. పైపంచెతో మొహం తుడుచుకుంటున్నారు కానీ చెమట ఆగడం లేదు.

“ఊరంతా అరవై శవాలంటుంటే ఏమీ జరగలేదంటే ఎవరు నమ్ముతారండి? నన్ను వెళ్ళి చూడనివ్వండి. విలేఖరులను కూడా మన లాంచీలోనే తీసుకెళ్తాను.”

యజమాని చివరికి సరేనన్నారు. సోమసుందరం గారు ముగ్గురు విలేఖరులను లాంచీ ఎక్కించారు. తూర్పు ఒడ్డున తను నిలబడి, పడమటి ఒడ్డున గుమస్తా భీమశంకరాన్ని నిలబెట్టి, బతికి బయటపడ్డ ప్రతి మనిషి పేరూ ఊరూ రాయించారు. అమ్మిన టిక్కెట్లు తొంభై నాలుగు. రెండు జాబితాలూ కలిపితే వచ్చిన పేర్లు తొంభై నాలుగు. చేతిలో కాగితాలతో ఆఫీసుకు తిరిగొచ్చిన సోమసుందరం గారి మొహం మతాబాలా వెలిగిపోయింది.

మైనపు కాగితం మీద ఇనుప కలంతో ఆయన ఒక్కో పేరే గీశారు. చివర ఇంకొక వాక్యం కూడా గీశారు: ‘అరవై మందికి అనుమతి ఉన్న లాంచీలో తొంభై నలుగురిని ఎక్కించడం మా తప్పు.’ యజమాని ఆ వాక్యం మీద వేలు పెట్టి, “అందరూ బతికారు కదా, మళ్ళీ ఇది ఎందుకు? మన కాలు మనమే నరుక్కోవాలా?” అన్నారు. సోమసుందరం గారు ఆ వాక్యం ఇంకోసారి చదువుకున్నారు. తర్వాత గులాబీరంగు లక్క సీసా మూత తీసి, ఆ వాక్యం మీద పూశారు. లక్క ఆరితే మైనపు కాగితం మీద గీతలు మూసుకుపోతాయి, సిరా దిగదు. నేను ఆ చోటు తెల్లగా వదిలేసి, ‘అందరూ క్షేమం’ అని అయిదు వందల కాగితాలు కొట్టాను. ఊరు ఊపిరి పీల్చుకుంది. పత్రికలన్నీ జాబితాను ఉన్నదున్నట్టు వేశాయి. జగ్గారాయుడు గారు ఆ రోజు ఉప్మాలో జీడిపప్పు కూడా వేయించారు.

గురువారం పొద్దున ఒక మనిషి వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. బురద కాళ్ళు, చేతిలో నేను కొట్టిన కాగితం. పేరు తమ్మిశెట్టి చిట్టెయ్య, పోలవరం. భార్య వరహాలమ్మ ఇక్కడి బజారులో చింతపండు అమ్ముతుందట.

“పంతులుగారూ, మా రేవులో దీన్ని మూడుసార్లు సదివించుకున్నానండి. మా ఇంటిదాని పేరు రాలేదండి. మంగళారం పొద్దున నేనే రెండు గంపలూ లాంచీలో ఎట్టి దాన్ని ఎక్కించానండి. ఇంకోసారి సూత్తారా?”

“చూస్తాను, కూర్చో” అన్నారు సోమసుందరం గారు. ప్రూఫులు దిద్దేవాళ్ళకు ఒక అలవాటుంది. తప్పు దొరకనప్పుడు కింది నుంచి పైకి చదువుతారు. ఆయన అలాగే, వేలు పెట్టి, పైకి వినబడేలా చదువుకుంటూ వచ్చారు. ‘పెంటపాటి సూర్యప్రకాశరావు, గూటాల’ అన్నప్పుడు వేలు ఒక్క క్షణం ఆగి కదిలింది. ఇంకా పైకి వెళ్ళి ‘అబ్బులు, గూటాల’ దగ్గర ఆగిపోయింది.

“భీమశంకరం, గూటాల నుంచి ఎంతమంది ఎక్కారయ్యా?”

“ఒక్కరేనండి. మా అబ్బులు గారు. తూర్పు ఒడ్డున తేలి, మళ్ళీ పడవ కట్టించుకుని నేనున్న పడమటి ఒడ్డుకొచ్చారండి. నేను పూర్తి పేరు అడిగి సూర్యప్రకాశరావు అని రాసుకున్నానండి.”

మా గోదావరి వాళ్ళకు మనిషికి రెండు పేర్లుంటాయి, పత్రాల మీద ఒకటి, పిలుచుకోవడానికి ఒకటి. ఈ అబ్బులు ఇంకా తేరుకోక తూర్పు ఒడ్డున, ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు. తేరుకున్నాక పడమటి ఒడ్డున అసలు పేరు చెప్పాడు. ఒకే మనిషి రెండుసార్లు బతికాడు. వరహాలమ్మ లెక్కలో లేకుండా పోయింది. అందరూ క్షేమమని అచ్చేశాం గనక రెండు రోజులుగా ఆమె కోసం ఎవరూ వెతకడం కూడా లేదు.

సోమసుందరం గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. ఆ అబద్ధాన్ని అయిదు వందలసార్లు చెప్పింది నేనే. మరుక్షణం ఆయన లేచి, కొత్త మైనపు కాగితం పరిచి, పైన ‘తప్పొప్పుల పట్టిక’ అని గీశారు.

‘తప్పు: అందరూ క్షేమం. ఒప్పు: పోలవరం వాస్తవ్యురాలు తమ్మిశెట్టి వరహాలమ్మ ఆచూకీ తెలియలేదు. నలభై ఏళ్ళ మనిషి, చామనచాయ, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు. కనబడితే ఏ రేవులోనైనా చెప్పండి.

తప్పు: మేము చెప్పకుండా దాచినది. ఒప్పు: అరవై మందికి అనుమతి ఉన్న లాంచీలో తొంభై నలుగురిని ఎక్కించాం.’

జగ్గారాయుడు గారు అది చదివి నిప్పు తొక్కినట్టు ఎగిరారు. “ఎవడైనా తన తప్పు తనే అచ్చేసుకుంటాడటయ్యా?”

“పుస్తకాల వాళ్ళు వేసుకుంటారండి. చివరి పేజీలో.”

“ఇది పుస్తకం కాదు, వ్యాపారం! ఇది వేస్తే రేపటి నుంచి నా లాంచీ ఎవడెక్కుతాడు? నీ ఉద్యోగం ఉండదు, చెబుతున్నా.”

“ఉద్యోగం తీసేయండి. ఈ కాగితం మాత్రం వెయ్యనివ్వండి. కావాలంటే వరండాలో ఉన్నతనికి మీరే చెప్పండి, వెయ్యం అని.”

జగ్గారాయుడు గారు విసురుగా వరండాలోకి నడిచారు. చిట్టెయ్య లేచి చేతులు జోడించాడు. “దొరికిందాండి?” అన్నాడు. అంతే. యజమాని వెనక్కి తిరిగారు. లోపలికొచ్చి, జుబ్బా చేతులు పైకి మడిచి, నా పిడి పట్టుకున్నారు. ఆ పెద్దమనిషి నన్ను ముట్టుకోవడం అదే మొదలు. చేతకాక సిరా జుబ్బా నిండా పూసుకుంటూనే, వెయ్యి కాగితాలు తనే తిప్పారు.

ఆ వెయ్యీ ప్రతి లాంచీకీ, ప్రతి పడవకూ, ప్రతి రేవుకూ చేరాయి. చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. శుక్రవారం మధ్యాహ్నం కందులలంక నుంచి ఒక పడవ వచ్చింది. ఆ లంకలో పొగాకు పాకలో ఒకామె ఉందట. నీళ్ళలో కొట్టుకొచ్చిందట. కాలు విరిగి, జ్వరంతో మాట పెగలడం లేదట. లాంచీ వాళ్ళంతా క్షేమమని మొదటి కాగితం విని, ఈమె లాంచీ మనిషి కాదనుకున్నారట. రెండో కాగితం విన్నాక ఎవరో ఆమె ఎడమ చెయ్యి తిప్పి చూశారు. తేలు ఉంది!

వరహాలమ్మను మా లాంచీలోనే తెచ్చారు. రేవు జనంతో కిక్కిరిసిపోయింది. నదిలో ఉన్న లాంచీలన్నీ ఒక్కసారిగా కూతలు పెట్టాయి. కిటికీలోంచి అది వింటూ నా ఇనుప పిడి దానంతటదే వణికింది. చిట్టెయ్య మెడలోతు నీళ్ళలోకి దిగి ఎదురెళ్ళాడు. సోమసుందరం గారు అప్పటికప్పుడు మూడో కాగితం గీశారు: ‘తొంభై నాలుగో పేరు: తమ్మిశెట్టి వరహాలమ్మ, పోలవరం. క్షేమం.’

మొదటి ప్రతి ఆమెకే ఇచ్చారు. ఆమె, తనను మోసుకొచ్చిన మంచం మీంచే దాన్ని పట్టుకుని, “ఇందులో నా పేరేదండి?” అంది. సోమసుందరం గారు ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టారు. సిరా ఇంకా ఆరలేదు.

మర్నాడు మా లాంచీలకు అరవై మంది చొప్పునే టిక్కెట్లిచ్చారు. రేవులో మిగిలినవాళ్ళు వేరే లాంచీ ఎక్కకుండా, మా తర్వాతి లాంచీ కోసం ఎదురుచూశారు. తప్పు చెప్పినవాళ్ళు ఒప్పు కూడా చెబుతారులే అన్నారు. అప్పటి నుంచి ఊళ్ళో ఏ పుకారు పుట్టినా, “సోమసుందరం గారి కాగితం వచ్చిందా?” అని అడిగేవారు. రెండేళ్ళకు ఆయన గది తలుపు మీద ‘పౌర సంబంధాల అధికారి’ అని బోర్డు పెట్టారు. బోర్డులో ఒక అక్షరం తప్పు పడితే, తగిలించకముందే ఆయన దిద్దించారనుకోండి.

లాంచీలు పోయాయి. ఆఫీసు పోయింది. నేను చాలాకాలం పాత సామాన్ల కొట్టులో పడి ఉండి, చివరికి ఒక జర్నలిజం కళాశాలలో అద్దాల పెట్టెలోకి చేరాను. అక్కడి మాస్టారు అమెరికా పెద్దల పేర్లు చెబుతూ, పౌర సంబంధాలకు పునాది వేసింది వీళ్ళేనంటారు. కాదనను. కానీ గోదావరి ఒడ్డున ఆ పునాదిలో ఒక రాయి మేమూ వేశాం.

కిందటేడు ఒక కొత్త విద్యార్థిని నా పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. మర్నాడు ఇంటి నుంచి ఒక కాగితం తెచ్చి మాస్టారికిచ్చింది. “మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో దాచుకుందండి” అంది. ఇప్పుడది నా పక్కనే, అదే అద్దం వెనక ఉంది. కాగితం పసుపుబారింది కానీ రాత చదవొచ్చు, తొంభై నాలుగో పేరు. ఆ పేరు మీద ఒక వేలిముద్ర ఉంది. నా జన్మలో లక్షల కాగితాలు కొట్టాను కానీ, ఆ ముద్ర మాత్రం నేను వేసింది కాదు. బతికొచ్చిన మనిషి వేసింది.