అన్నిటికీ ఒకే గొంతు

తార్తు నగరంలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మారిక పని హాజరు వేయడంతో మొదలయ్యేది. పరిశోధకులు భద్రపరచమని పంపే డిజిటల్ సమాచారంలో ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఉంటుంది. అంకెలూ అక్షరాలూ సరిపోయాయో లేదో కంప్యూటర్ చూస్తుంది. ఆ తర్వాత మారిక కోడ్‌ని పైకి చదువుతుంది. ఆ లెక్క ఎవరిని కొలిచి రాసిందో వాళ్ల గొంతే "ఉన్నాను" అంటుంది. పక్షుల లెక్కలైతే పిచ్చుకలు కిచకిచమంటాయి. అవి మరీ గోల చేస్తే ఎదురు బల్ల దగ్గరి సల్మె లేచి కిటికీ తెరిచేది, అంతే.

ఆ చలికాలం పొద్దున వచ్చినవి మారిక భర్త అహ్తోవి. ఉబ్బసం పిల్లలకు కొత్త మందు ఇచ్చి, వాళ్ల ఊపిరి కొలిచిన లెక్కలు. వాటి మీద నమ్మకంతోనే ఆసుపత్రివాళ్లు పిల్లల వార్డులో ఆ మందు మొదలుపెట్టబోతున్నారు. ఒక్కో బిడ్డకీ ఒక్కో కోడ్ అప్పటికే ఇచ్చేశారు. కంప్యూటర్ అన్నీ సరే అంది.

మారిక మొదటిది చదివింది. "ఉన్నాను," అంది ఒక చిన్నపిల్ల, కాస్త ఆయాసంగా. తర్వాత ఒక బాబు పలికాడు. ఆ కిందది చదివితే "ఉన్నాను" అన్నాడు అహ్తో.

తప్పు చదివాననుకుని మళ్లీ చదివింది. మళ్లీ అతనే. దాని కింద కూడా అతనే. చివరిదాకా అతనే, పొద్దున్నే కాఫీ ఉందా అని అడిగే ఆ గొంతే.

"కోడ్‌లు సరిగ్గానే ఉన్నాయిగా అమ్మాయ్," అంది సల్మె తలెత్తకుండా. "మన పని అంతవరకే."

"మరి పిల్లలేరీ, సల్మె గారూ?"

సల్మె కుర్చీ తన తెర వైపు తిప్పుకుంది.

మధ్యాహ్నం అహ్తో యాలకుల బన్నులు పట్టుకుని వచ్చాడు. మారిక అతనికి వినబడేలా తెర మీది కోడ్ చదివింది. గుమ్మంలో నిలబడ్డ అతని పెదవి కదల్లేదు. గొంతు మాత్రం పలికింది. సల్మె కోటు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

అహ్తో కుర్చీలో కూలబడ్డాడు. "చాలామంది మధ్యలోనే మానేశారు. లెక్కలు నిండకపోతే నా పరిశోధన అక్కడితో ఆగిపోయేది. నేనే నింపాను. నువ్వు సరే అనేస్తే ఎవరికీ తెలీదు, మారికా."

"ఎందుకు మానేశారు?"

"కొందరికి ఆయాసం ఎక్కువైందన్నారు. నేను... మళ్లీ కనుక్కోలేదు."

"కనుక్కోలేదా! వాళ్లని పిలుస్తుంటే నువ్వు పలుకుతున్నావు. రేపు ఆ మందేసుకుని ఇంకో బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటే, వాళ్లమ్మ పిలిచినప్పుడూ నువ్వే పలుకుతావా?"

అతను బన్నుల సంచి అంచులు మడతపెట్టాడు.

"ఈ లెక్కలు వెనక్కి తీసుకుంటే కోడ్‌లు పోతాయా?"

"పోవు. ఇచ్చిన కోడ్ చెరగదు. తెరిచినవాళ్లకి నీ పేరూ, వెనక్కి తీసుకున్నారన్న మాటా కనబడతాయి."

"ఎన్నాళ్లు?"

"ఎప్పటికీ."

అహ్తో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒక్కో కోడ్ తెరిచి, వెనక్కి తీసుకున్నారన్న మాట తన చేత్తోనే టైపు చేశాడు. వసంతం రాకముందే అతని ఉద్యోగం పోయింది. వార్డులో పిల్లలకు పాత మందే ఇస్తూ వచ్చారు.

లెక్కలు వెనక్కి తీసుకున్న ఆ సాయంత్రం మాత్రం ఇద్దరూ కలిసే ఇంటికి బయల్దేరారు. నది మీది వంతెనపై మంచు గట్టిపడి కాళ్లు జారుతున్నాయి. ఎప్పటిలాగే అహ్తో చెయ్యి చాచాడు. మారిక ఆ చేతివైపు చూసింది. చూసి, వంతెన కమ్మీ పట్టుకుని నడిచింది.