కాగితం కట్టిన మొగ్గలు

కాగితం కదిలింది.

గాలి లేదు. ఆకు కూడా ఊగడం లేదు. నడివేసవి, మధ్యాహ్నం రెండు గంటలు... అయినా కాగితం కదిలింది.

లోపల ఏదో ఒత్తిగిలినట్టు.

ఆమె గిన్నె తోముతున్న చెయ్యి ఆపి వింది. మళ్లీ చప్పుడు కాలేదు. కుళాయి కట్టేసి మరీ వింది.

గురువారం దాకా ఆగు తల్లీ. గురువారం పొద్దున దాకా ఆగితే చాలు.

ఇవాళ మంగళవారం.

ఆమె పుస్తకాలకు బైండింగు చేస్తుంది. అక్క లెక్కల టీచరు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే — ఒకరు చిరిగినవి కుడతారు, ఒకరు తప్పులు దిద్దుతారు. ఇప్పుడు అక్క సెలవులో ఉంది. జబ్బు సెలవు.

చలికాలంలో జబ్బు సంగతి తెలియదు. అప్పుడే ఇద్దరూ వెళ్లి లిల్లీ దుంపలు తెచ్చారు. నర్సరీలో రెండు రకాలున్నాయి. ఒకటి ఎర్రగా, ముద్దొచ్చేటట్టు, బొత్తిగా వాసన లేకుండా. ఇంకొకటి తెల్లగా, బూరలాంటి పువ్వు, వీధి మలుపు దాకా కొట్టే వాసన.

"వాసన లేని పువ్వెందుకే? దానికన్నా కాగితం పువ్వు నయం" అంది అక్క.

అక్క మాటే నెగ్గింది. ఆ ఇంట్లో ఎప్పుడూ అక్క మాటే.

పడకగది కిటికీ కింద నాటించింది కూడా అక్కే. పడుకుంటే వాసన రావాలంది. గొయ్యి లోతు సరిపోలేదని రెండుసార్లు తవ్వించింది.

వాసన కన్నా ముందు జబ్బు వచ్చింది.

మూడు వారాలకోసారి ఆసుపత్రిలో నరంలోకి మందు ఎక్కిస్తారు. మొత్తం ఆరుసార్లు. ఐదు అయ్యాయి. మందు ఒంట్లోకి వెళ్లినప్పటి నుంచి అక్కకు వాసన పడదు. ఉల్లిపాయ పడదు. సబ్బు పడదు. కొత్త పుస్తకం పడదు. చెల్లెలి వేళ్లకంటిన మైదా జిగురు కూడా పడదు. అందుకే చెల్లెలు షాపు నుంచి వస్తూనే స్నానం చేసి, గాలికి ఆరేసిన బట్టలు కట్టుకుని, అప్పుడు గదిలో అడుగు పెడుతుంది. గుమ్మం దగ్గరే ఆగి అడుగుతుంది.

"రావచ్చా?"

సొంత అక్క గదిలోకి! ఇదివరకైతే ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు.

ఐదోసారి ఎక్కించిన మర్నాడు ఎవరో పక్క వాటాలో బట్టలు ఉతికారు. కిటికీలోంచి సబ్బు నురగ వాసన వచ్చింది. అంతే. మూడు రోజులు అక్క కడుపులో పచ్చి మంచినీళ్లు నిలవలేదు. నాలుగో రోజు గోడ వైపు తిరిగి పడుకుని చెప్పింది.

"ఆరోది వద్దే బుల్లీ. ఇంక నావల్ల కాదు."

ఆరు లెక్కలిస్తే ఆరూ చేయించి గానీ పిల్లల్ని బడి గేటు దాటనివ్వని మనిషి.

ఆరోది మానేస్తే ఐదూ బూడిదలో పోసిన పన్నీరే. డాక్టరమ్మ ఆ సంగతి మెత్తగానే చెప్పింది. చెల్లెలికి మాత్రం మెత్తగా వినబడలేదు. బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. చివరికి అక్క ఒక్క మాట ఇచ్చింది.

"గురువారం పొద్దునకి కడుపు కుదురుగా ఉంటే వస్తా. మళ్లీ ఆ వాంతులు మొదలైతే మాత్రం బండెక్కను. అప్పుడింక నన్నడక్కు."

ఆ మాట పుచ్చుకుని ఆమె పెరట్లోకి వచ్చింది. లిల్లీలు చూసింది.

పన్నెండు మొగ్గలు. పచ్చదనం పోతోంది... తెల్లబడుతున్నాయి.

కిటికీ కిందే.

తల ఎండలో, కాళ్లు నీడలో ఉంటే లిల్లీ హాయిగా పూస్తుందని నర్సరీ ఆయన చెప్పాడు. ఇన్నాళ్లూ అలాగే పెంచింది. మొదళ్లకు ఎండుటాకులు కప్పింది, కాడలకు పుల్లలు పాతి కట్టింది. ఇప్పుడు తలలకు కూడా నీడ పట్టింది. పాత దుప్పటి పందిరిలా కట్టింది. మొదళ్లలో ఐసునీళ్లు పోసింది. ఎండ ఆ దుప్పటిని లెక్క చెయ్యలేదు. పొద్దున చూసిన మొగ్గ సాయంత్రానికి ఇంకాస్త లావెక్కేది.

కాలు గాలిన పిల్లిలా వంటింటికీ పెరటికీ మధ్య తిరిగింది.

పక్కింటాయన రిటైరైన బస్సు డ్రైవరు. ఇద్దరికీ వరసకు కాకపోయినా పిలుపుకు బాబాయి. గురువారం కారులో ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆయనే. గోడ మీంచి తల పెట్టాడు.

"ఏంటమ్మాయ్, మొగ్గలకి జోలపాట పాడుతున్నావా?"

"గురువారం దాకా విచ్చుకోకూడదు బాబాయ్."

"అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా? ఇప్పుడవి నీ మాట వింటాయా!"

నవ్వాడు. ఆమె ముఖం చూశాడు. మూసిన కిటికీ చూశాడు. తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆదివారం ఆమె కత్తెర తెచ్చుకుంది.

పన్నెండూ కోసేద్దామనే కూర్చుంది. ఒకటి కోసింది. రెండోదానికి చెయ్యి రాలేదు. దుంప పాతిన రోజు నుంచీ ఈ పువ్వు కోసమేగా కాచుకుని ఉంది!

కోసిన మొగ్గను సోమవారం షాపుకు తీసుకెళ్లి, బ్రష్షులు నానేసే గ్లాసులో పెట్టింది. మధ్యాహ్నానికి విచ్చుకుంది. ఒక్క పువ్వు... జిగురు వాసన, తోలు వాసన, పాత కాగితాల ముక్కిన వాసన, అన్నిటినీ మింగేసింది. షాపు ఓనరు వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు.

"సెంటు సీసా ఎవరమ్మా ఒలకబోసింది?"

అందరూ నవ్వారు.

ఒక్కదానికే ఇంత. ఇంకా పదకొండున్నాయి.

మూడు రోజులు సెలవు చెప్పి ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ అద్దం దగ్గర కూర్చుని ఉంది.

"పదకొండే ఉన్నాయేంటే?"

ఆమె నీళ్లు నమిలింది. "ఒకటి... రాలిపోయిందక్కా."

"రాలితే కాడ అంత నున్నగా తెగదు. కత్తెర పడింది."

టీచరు దగ్గరా దొంగలెక్క!

"రోజూ లెక్కపెడుతున్నా" అంది అక్క. అద్దం మీద వేలు పెట్టి, ఒక్కో మొగ్గ మీదకూ జరుపుతూ. "ఆసుపత్రిలో సూది గుచ్చినప్పుడు కూడా కళ్లు మూసుకుని ఇవే లెక్కపెట్టా. వాటి జోలికెళ్లకు."

"మరి వాసన..."

"తెలుసు."

అంతే. పదకొండు దాకా వచ్చిన వేలు మళ్లీ ఒకటి దగ్గరికి వెళ్లింది.

ముందు నుయ్యి. వెనక గొయ్యి.

ఆమెకు చేతనైన విద్య ఒక్కటే. అట్ట వేయడం.

ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని పదకొండు సంచులు చేసింది. గాలి చొరని మైనపు కాగితం. జిగురు వాడలేదు — జిగురుకు వాసన ఉంటుంది. ప్రతి అంచూ మడిచి, సూదితో కుట్టింది. మొగ్గకొక సంచి తొడిగి, మెడ దగ్గర దారం చుట్టి, లాగితే ఊడే ముడి వేసింది.

బాబాయి మళ్లీ తల పెట్టాడు.

"పూలకి టోపీలా! వాసనని మూటగట్టిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదమ్మాయ్."

"పుట్టకపోతే నేనున్నాగా."

మర్నాడు మంగళవారమే కాగితం కదిలింది.

బుధవారం ఒక సంచి ఉబ్బింది. లోపల పువ్వు విచ్చుకుని, చోటు చాలక, కాగితాన్ని నాలుగు వైపులా నెడుతోంది. ఆమె వంగి ముక్కు పెట్టింది. సన్నగా... ఉందా, లేదా? ఉంది. పైన ఇంకో కాగితం చుట్టింది. దాని మీద ఇంకోటి. సాయంత్రానికి రెండో సంచి ఉబ్బింది. మూడోది.

ఆరు నెలలు పూయమని అడిగిన నోటితోనే పూయొద్దని అడుగుతోంది. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది.

గురువారం.

పొద్దున ఆరున్నరకు బాబాయి కారు గేటు ముందు ఆపాడు. అక్క ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దిగింది. గుమ్మం నుంచి గేటుకు పద్నాలుగు అడుగులు. దారి లిల్లీల పక్క నుంచే. చెల్లెలు మొక్కలకు అడ్డంగా నడిచింది, తన ఒళ్లు గోడైతే బాగుండునని.

"కడుపెలా ఉందక్కా?"

"కుదురుగానే ఉంది."

నాలుగు. ఐదు. ఆరు.

ఏడో అడుగు దగ్గర అక్క ఆగిపోయింది.

ఉబ్బిన సంచులు చూసింది. ఒకదాని మీద లోపలి నుంచి పసుపు మరక దిగింది, పుప్పొడి.

"ఒకటి విప్పవే."

"వచ్చాక విప్పుతా. పద."

"వచ్చాక పది రోజులు తలెత్తలేను. అప్పటికి ఇవుంటాయా?"

ఉండవు. ఇద్దరికీ తెలుసు.

"వద్దక్కా. నీకేదన్నా అయితే... మాటిచ్చావు కదా, కడుపు కుదురుగా ఉంటే వస్తానని..."

"ఇచ్చాను."

"మరి?"

అక్క ముక్కు మీది తువ్వాలు తీసేసింది. మడిచి చెల్లెలి భుజం మీద వేసింది. ముఖం పాలిపోయి ఉంది. కళ్లు మాత్రం క్లాసులో బోర్డు ముందు నిలబడ్డప్పటి కళ్లు.

"విప్పు బుల్లీ."

గేటు దగ్గర బాబాయి హారన్ కొట్టాడు. ఒక్కసారే, మెల్లగా.

ఆమె వంగింది. దారం కొస చేతికందింది. లాగితే ఊడే ముడి... తను వేసిందే. లాగింది.

గాలి లేదు. ఆకు కూడా ఊగడం లేదు.

కాగితం కదిలింది.