మావయ్య డేగ

ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు శాలిని, గన్నవరం దగ్గర తన మేనమామ కృపానందం షెడ్డులోనే సోదా చేసి ఒక ఎర్ర పుంజును పట్టుకొచ్చి రేంజి ఆఫీసు బోనులో పెట్టింది. చుట్టాలందరూ భగ్గుమన్నారు. ఇన్ని ఊళ్లుండగా దీనికి మావయ్య కోళ్లే దొరికాయా అన్నారు. తల్లి అయితే అన్నం వడ్డించి పెరట్లోకి వెళ్లిపోయింది.

అది అడవికోడని శాలిని మాట. కాదు, నా డేగ అని కృపానందం మాట. ఎర్ర ఈకల పుంజును పందెగాళ్లు డేగ అంటారు. అడవిదని తేలితే ఆయన మీద కేసు. ఇంటిదని తేలితే పుంజు తిరిగి షెడ్డుకు, అక్కడినుంచి కాలికి కత్తి కట్టించుకుని బరిలోకి.

ఎర్ర అడవికోడినీ డేగనూ పక్కపక్కన పెడితే తేడా చెప్పడం మహా కష్టం. మన పెరటి కోళ్లన్నీ ఆ అడవికోడి సంతానమే మరి. పైగా కృపానందం దాని తురాయి కత్తిరించి, బాదంపప్పూ కైమా మేపి, అచ్చం పందెపు పుంజులా తయారుచేశాడు. చివరికి రేంజరు గారే విసిగిపోయి, "ఇచ్చెయ్యమ్మా, ఇంట్లో గొడవలెందుకు?" అన్నారు. శాలిని ఇవ్వలేదు.

పక్క బోనులో బూడిదరంగు అడవికోడి ఉంది. వేటగాళ్ల దగ్గర దొరికింది. మెడనిండా మైనం కారినట్టు పసుపు చుక్కలు. దాన్ని చూసి ఇంటికోడి అనే ధైర్యం కృపానందానికి కూడా లేదు. ఎర్ర అడవికోడి గోదావరి అవతలి అడవులది, ఇది ఇవతలి కొండలది. రంగులో పొంతన లేదు గానీ దాయాదులే. బోనుల్లో రెండూ ఇంటికోడిలా తోక ఎత్తక దించుకునే తిరిగేవి, అలికిడైతే మూలకు దూరేవి.

"భయపడదా మరి? జీపులో కుదేసి తెచ్చావు," అన్నాడు కృపానందం, చూడటానికొచ్చి.

వానలు పడ్డాయి. రెండు పుంజులకూ మెడ ఈకలు రాలడం మొదలైంది. మళ్లీ వచ్చిన కృపానందం, రేంజరు గారి పక్కన నిలబడి చూసి నవ్వాడు.

"ఈక మార్చని కోడి ఉంటదా అమ్మాయ్?"

"అడవిదైతే మెడ నల్లగా వస్తది మావయ్యా. వానాకాలం వెళ్లాకే మళ్లీ రంగు."

"నా చేతుల్లో పెరిగినన్ని డేగలు ఈ జిల్లాలో ఎవడి దగ్గరా పెరగలేదు. ఎర్రీక రాలితే ఎర్రీకే వస్తది. నల్లగా వస్తే నా నోటితో నేనే ఒప్పుకుంటా. రేంజరు గారి ముందే చెబుతున్నా."

అబద్ధమాడలేదు పాపం. పెంచిన డేగలన్నీ ఎర్రగానే ఈకేశాయి. అడవి పుంజును వానాకాలంలో చూడటం ఆయనకు ఇదే మొదలు. ఆ ధీమాతోనే ఒట్టేసి వెళ్లాడు.

ఆ రోజులన్నీ శాలినికి నిద్ర సరిగా పట్టలేదు. తాను ఓడిపోతే పుంజు చస్తుంది, గెలిస్తే మావయ్య కోర్టు మెట్లెక్కాలి. అయినా ఉదయాన్నే వచ్చి బోనుల ముందు నిలబడేది.

కృపానందం మళ్లీ వచ్చేసరికి బూడిదదాని మెడ పసుపు చుక్కలు పోయి పొట్టి ఈకలతో నల్లబడింది. ఎర్రదాని మెడా అంతే, బొగ్గులా ఉంది. ఆయన దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అడవిదే," అన్నాడు. "గోదావరి అవతల నుంచి ఒకడు తెచ్చాడు. తెలిసే కొన్నా."

శాలిని కేసు కాగితాలు తీసింది.

"నువ్వే రాయాలా అమ్మా? ఇంకెవరన్నా రాయకూడదా?"

"ఇంకెవరన్నా అయితే వదిలేస్తారు మావయ్యా."

"వదిలేస్తారనేగా అడిగింది," అన్నాడు కృపానందం మెల్లగా.

శాలినికి కళ్లనీళ్లు తిరిగాయి. తుడుచుకుని, ఆయనకు కుర్చీ వేసి, కాగితంలో నిందితుడి తండ్రి పేరు దగ్గర తన తాతయ్య పేరు రాసింది.