సార్ మీద ప్రయోగం

మా ప్రయోగశాలలో జనం రాస్తుంటే మేం కూర్చుని చూస్తుంటాం. రాసేటప్పుడు బుర్రలో తిరిగే ప్రతి మాటా వాళ్లు పైకి అనేయాలి, మేం రికార్డు చేసుకోవాలి. మనస్తత్వశాస్త్రం, రచన కలిసి కాపురం చేసే చోటు ఇదని మా ప్రొఫెసర్ అతిథులకు గొప్పగా చెబుతుంటాడు. ఆ కాపురం ఎంత చక్కగా ఉందో లోపలున్న మాకు తెలుసు.

ఆయనకు మేం పెట్టుకున్న పేరు చూద్దాంగారు. కంప్యూటర్ పాడైందన్నా, పెళ్లికి సెలవు కావాలన్నా "చూద్దాం" అంటాడు. నా పరిశోధనలో ఆఖరి అధ్యాయం ఆయన చేతికిచ్చి నెలలు గడిచాయి. అడిగినప్పుడల్లా అదే జవాబు. ఆయన సంతకం పడితేనే నాకు పట్టా. పట్టా చూపిస్తేనే వేరే కాలేజీ వాళ్లు నాకోసం అట్టేపెట్టిన ఉద్యోగం. నెలాఖరు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తామని వాళ్లు మొహం మీదే చెప్పారు.

"నచ్చని సంబంధానికి జవాబు చెప్పకుండా నాన్చినట్టు నాన్చుతున్నాడే అమ్మాయ్," అంది మాతో కలిసి పనిచేసే నవలా రచయిత్రి. "ఇంతకీ అందులో ఏం రాశావేంటి?"

ఆయన కొంప ముంచే సంగతి రాశాను. ముందు పథకం గీసుకుని రాస్తేనే రాత బాగుంటుందన్నది ఆయన సిద్ధాంతం. ఆయన పుస్తకం, పేరు, కూర్చున్న కుర్చీ అన్నీ దాని మీదే నిలబడ్డాయి. నా ప్రయోగంలో మాత్రం అలా రాసినవాటికీ, తోచినట్టు రాసేసినవాటికీ పాఠకులకు తేడాయే తెలియలేదు. నేనేం పంతానికి పోయి చేయలేదు, లెక్క అలా తేలింది.

ఆ రోజు ఉదయం ప్రయోగానికి రావలసిన మనిషి ఎగ్గొట్టాడు. "కొత్త రికార్డరు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి, మీరు కూర్చుంటారా సార్?" అని అడిగాను. ఆయన ఉబ్బిపోయాడు.

"పద్ధతి రాసిందే నేను. ఎలా కూర్చోవాలో చూపిస్తాను, నేర్చుకో."

జనం కూర్చుని రాసే గాజు గదిలోకి వెళ్లి మైకు సర్దుకున్నాడు. రాయడానికి బదులు చదవమని ఆయన ముందు కాగితాలు పెట్టాను.

"ఇది నీ అధ్యాయం కదూ?"

"మాట్లాడుతూ ఉండండి," అన్నాను. ఆయన రాసిన పద్ధతి ప్రకారం మేం ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమీ అనకూడదు.

ఆయనకు నవ్వొచ్చింది. దొరికిపోయానని తెలుసు, కానీ తన పద్ధతిని తానే మీరడం నామోషీ.

"సరే. మొదటి వాక్యం పొడుగు. ఈ కుర్చీ గుచ్చుకుంటోంది, ఇన్నాళ్లూ జనం ఎలా కూర్చున్నారో పాపం. పట్టిక బాగుంది. మరీ బాగుంది. ఇదిగో, ఇక్కడ నా పుస్తకం. దణ్ణం పెట్టి మరీ పొడిచింది. ఎక్కడో తప్పు చేసే ఉంటుంది." వేలితో అంకెల వెంట పోయి ఆగిపోయాడు.

"మాట్లాడుతూ ఉండండి."

"తప్పు లేదు." వేలు అంకెల మీంచి తీశాడు. "మొదటిసారి చదివినప్పుడే తెలుసు. అయినా వెతుకుతూనే ఉన్నాను. సంతకం పెడితే నేనే ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే పిల్ల ఉద్యోగం పోతుంది. పోతుందని తెలిసీ..."

నేను మళ్లీ ఆ ముక్క అనాలి. అనలేక రికార్డరు ఆపేశాను.

"తెలిసే సంతకం ఆపారా సార్?" ఒళ్లు మండిపోయింది నాకు.

"తెలిసే."

సాకులేమైనా చెబుతాడనుకున్నాను, చెప్పలేదు. జేబులోంచి కలం తీసి చివరి పేజీలో సంతకం పెట్టాడు. ఎగిరి గంతేయాల్సిన దాన్ని, కాగితాలు సర్దుతూ నిలబడ్డాను.

"ఇప్పుడు క్లాసుంది," అన్నాడు కలం మూత పెడుతూ. "ఇన్నేళ్లూ నేను చెప్పింది తప్పని పిల్లలతో ఎలా చెప్పాలో తెలీడం లేదమ్మా. నువ్వు చెబుతావా?"

జాలేసింది. కోపం మాత్రం అలాగే ఉంది.

"పక్కన నిలబడతాను సార్," అన్నాను. "చెప్పాల్సింది మీరే."