అద్దం అడగని మాట

జడ్చర్ల పాత బస్టాండు దగ్గర ఇక్బాల్ బీ గాజుల దుకాణం ముందు ఈమధ్య జనం ఆగి ఆగి పోతున్నారు. వాళ్లను ఆపుతున్నది గాజులు కాదు, గుమ్మం పైన బిగించిన పెద్ద టీవీ.

లోపల అద్దంలాంటి నిలువెత్తు తెర ఒకటి ఉంది. దాని ముందు నిలబడి వట్టి చెయ్యి ఎత్తితే చాలు, మరుక్షణం తెరలోని చేతికి నిండుగా గాజులు వచ్చి కూర్చుంటాయి. చెయ్యి తిప్పితే గాజులూ తిరుగుతాయి. చెవి చూపిస్తే జుంకాలు, మెడ చూపిస్తే హారాలు. లోపల తెరలో కనిపించేదంతా బయట టీవీలోనూ కనిపిస్తుంది.

ఈ మాయను జడ్చర్లకు తెచ్చింది ఇక్బాల్ బీ మనవరాలు రిజ్వానా. హైదరాబాదులో ఒక కంప్యూటర్ కంపెనీలో ఈ విద్య నేర్చుకుని, ఉద్యోగం వదిలేసి వచ్చి అమ్మమ్మ దుకాణంలో పెట్టింది. మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఒకరోజు ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఐలేశం చాయ్ ఇవ్వడానికి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. మీసాలకు పక్కన రెండు బుట్ట జుంకాలు వేలాడాయి. బస్టాండు బస్టాండంతా నవ్వింది. "నాకు కొనియ్యనోడివి నువ్వు పెట్టుకున్నవా?" అని భార్య నిలదీసేసరికి ఐలేశం అదే జత కొనక తప్పలేదు. ఆ రోజు నుంచి గిరాకీ పెరిగింది.

ఇక్బాల్ బీకి మాత్రం ఆ అద్దం నచ్చలేదు. "బరువు లేదు, సప్పుడు లేదు. గవేం గాజులే?" అనేది.

"పగుల్తయన్న ఫికర్ గూడ లేదు గద నానీ!" అని రిజ్వానా నవ్వేది.

తెలివైన పిల్లే. కానీ ఒక సంగతి ఆమెకు తోచలేదు. బయట టీవీ ఉందని లోపలికి వచ్చే ప్రతి మనిషికీ చెప్పాలి. అందరూ చూస్తూనే వస్తారు కదా అనుకుంది. ఆ చిన్న ఏమరుపాటు ఒక మనిషిని నడిబజారులో నిలబెడుతుందని ఆమె ఊహించలేదు.

ఆ పొద్దున లీలమ్మ వచ్చింది. వెనకాల రెండు చేతులా సంచులతో ఆమె పెద్దకోడలు మంజులత. తలెత్తి నడవడం మానుకున్న మనిషికి గుమ్మం పైనున్న టీవీ కనబడలేదు.

"మా చిన్నోడు విజేందర్ పెండ్లి, బిడ్డా. పెండ్లిపిల్లకు గాజులు కావాలె. మంచియి సూపియ్యి" అంది లీలమ్మ కూర్చుంటూనే.

"పిల్ల వచ్చిందా పెద్దమ్మా? చెయ్యి కొలత సూడాలె గద."

"సుచరితది హుజూర్‌నగర్. గాడికెల్లి ఏమొస్తది? మా మంజులత చెయ్యి సూడు. ఇద్దరిదీ ఒక్కటే చెయ్యి."

మంజులత ఒక అడుగు వెనక్కి వేసింది. "నా చెయ్యి ఎందుకు అత్తమ్మా..."

"కొలతకే గదనే. నీకేమన్న గాజులు ఎయ్యమంటున్ననా?"

లీలమ్మ ఆ మాట కోపంతో అనలేదు, ఎత్తిపొడవాలనీ అనలేదు. ఇంట్లో ఉప్పు, పప్పు గురించి మాట్లాడినంత మామూలుగా అంది. పాఠకులు గమనించాలి. ఇలాంటి మాటలు ఎప్పుడూ ఇంత మామూలుగానే వస్తాయి. అందుకే వాటి పదును అనేవాళ్లకు తెలియదు. మంజులత భర్త మహేష్ హైవే మీద లారీ గుద్ది పోయి మూడేళ్లు. అప్పటి నుంచి ఆమె చేతికి ఉన్నది మందుల ఫ్యాక్టరీ డ్యూటీకి కట్టుకునే గడియారం ఒక్కటే.

"పక్క దుకాణంల బాసింగాలు సూసొస్త. మీరు ఎంచుండ్రి" అని లీలమ్మ లేచి వెళ్లింది.

రిజ్వానా మంజులతను తెర ముందుకు పిలిచింది. "అక్కా, దీంట్ల తాకేదేం లేదు. చెయ్యి లేపితే సాలు."

మంజులత భయం భయంగా చెయ్యి ఎత్తింది. తెరలో ఆకుపచ్చ గాజులు నిండుకున్నాయి. ఆమె ఉలిక్కిపడి తన అసలు చేతి వైపు చూసుకుంది. అది బోసిగానే ఉంది. ధైర్యం వచ్చింది.

"నడుమ రెండు ఎర్రయి పెట్టు చెల్లె. సుచరిత చామనచాయ. గట్లయితే ఇంపుగ ఉంటది."

ఇంపుగానే ఉంది. అంచులకు బంగారు రంగు కంకణాలు ఆమే చెప్పి పెట్టించింది. పెళ్లికూతురి గాజులు ఖాయమయ్యాయి. రిజ్వానాకు ఆమె ఎంపిక చూసి ముచ్చటేసింది. ఊరికే అడిగింది.

"నీకే రంగు ఇష్టం అక్కా?"

మంజులత మెల్లగా అంది. "నేరేడుపండు రంగు. జాతరకు పోయినా, బజారుకు పోయినా మా ఆయన గదే రంగు తెస్తుండె. ఇంట్ల ఉన్నయయ్యా అంటే, ఇవి కొత్తయి గదా అనేటోడు."

రిజ్వానా వేలు తెరను తాకింది. రెండు ముంజేతులా నేరేడుపండు రంగు నిండింది.

మంజులత చేతులు దించలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చెంప మీద పడ్డ వెంట్రుకలు సర్దుకుంది. తెరలోని మనిషి కూడా గాజుల చేతితో వెంట్రుకలు సర్దుకుంది. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. అక్కడికి వచ్చేవాళ్లంతా గాజులు చూసుకుంటారు. ఈమె తన ముఖం చూసుకుంటోందని రిజ్వానాకు తోచింది.

అప్పుడే బయట నుంచి కేక వినబడింది.

"ఓ కోడలా! ఏందిది?"

లీలమ్మ మరిది కమలాకర్. ఐలేశం హోటల్లో చాయ్ తాగుతున్నాడు. పక్కన కూర్చున్నవాడు టీవీ చూపించి, "గామె మీ మహేష్ పెండ్లాం గాదా?" అన్నాడు. కమలాకర్ గ్లాసు అక్కడే పెట్టి రోడ్డు దాటి వచ్చాడు.

"బస్టాండు మొత్తం సూస్తాంది! పెండ్లి పెట్టుకున్న ఇల్లు. పిల్ల తరపోళ్లు ఏమనుకుంటరు?"

మంజులతకు అర్థం కాలేదు. గుమ్మం దాకా వచ్చి తలెత్తింది. పైన టీవీలో చివరి బొమ్మ అలాగే నిలిచిపోయింది: తన నవ్వు ముఖం, నిండు చేతులు. కింద పది మంది చూపులు. చటుక్కున చేతులు కొంగులో దాచుకుంది.

"ఉత్త బొమ్మనే కాకా! ఆమె ఏం ఏసుకోలే. కొలతకు నేనే నిలబెట్టిన" అంది రిజ్వానా.

"బొమ్మయితేంది? సూసినోళ్లకు ఎరుకనా? అరిష్టం అంటరు. పందిట్లకు ఈమె రావద్దు. గంతే!"

బాసింగాల పొట్లంతో లీలమ్మ వచ్చేసరికి ఈ మాట చెవిన పడింది. టీవీ చూసింది. కోడలిని చూసింది. గుమ్మం మెట్టు మీద కూలబడింది.

"నేను పెండ్లికి రాను అత్తమ్మా" అంది మంజులత. గొంతు వణకలేదు. అదే రిజ్వానాకు మరీ బాధనిపించింది. "ఇంట్లనే ఉంట. వంటోళ్లను సూసుకుంట."

ఆ పెళ్లికి పసుపు దంచింది ఆమె. చీరలు ఎంచింది ఆమె. మరిదికి ఆ సంబంధం బాగుంటుందని అందరికంటే ముందు అన్నదీ ఆమే. చేసిన మనిషికే చూసే భాగ్యం లేకుండా పోతోంది.

అంతవరకు దుకాణం మూల గద్దె మీద కూర్చున్న ఇక్బాల్ బీ గొంతు సవరించుకుంది.

"కమలాకర్, జర ఆగు నాయినా. నీ పెండ్లాంకు పెండ్లి గాజులు ఏసిందెవరు?"

"నువ్వే బూబమ్మా."

"నీ బిడ్డకు?"

"నువ్వే. గిప్పుడు గదెందుకు?"

"ఇంటికి పిలిపించి, పీట ఏసి, రవికె బట్ట పెట్టి, బెల్లం నోట్ల పెట్టిన్రు. బూబమ్మ చెయ్యి మంచిది, ఆమెనే పిలువుండ్రి అన్నరు. అన్నరా లేదా?"

"అన్నం."

"నా మనిషి పోయినప్పుడు గీ రిజ్వానా తల్లి నా సంకల ఉండె. నెత్తి మీద గంప పెట్టుకొని ఊరూరు తిరిగిన. నేను దాయలే, మీరు అడగలే. గిన్నేండ్ల సంది మీ ఊర్ల పెండ్లిపిల్లలందరికి గాజులేసింది మొగుడు లేనిదాని చెయ్యే. ఎవలికి అరిష్టమైంది, జర చెప్పు."

కమలాకర్ తడబడ్డాడు. "మీ పద్ధతి వేరు గద బూబమ్మా..."

"పద్ధతి నాది వేరే. గాజులేసుకున్న చేతులు మీయే గద!" ముసలామె కొంచెం ముందుకు వంగింది. "ఏసే చెయ్యి మంచిదైనప్పుడు ఏసుకునే చెయ్యి చెడ్డది ఎట్లయితది? గా అద్దాన్ని నేను రోజూ తిడ్త. కానీ దానికి నాకంటె బుద్ధున్నది. చెయ్యి లేపినోళ్లందరికి గాజులిస్తది. నీ మొగుడున్నడా అని అడుగదు."

లీలమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"నా పెండ్లికి గూడ నువ్వే ఏసినవు గద!"

"ఏసిన. నీ సంసారం మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. ముసలాయనతోని కొట్లాడని దినం లేదు గాని, మంచిగనే ఉంది." కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది లీలమ్మ. రిజ్వానా వైపు తిరిగింది. "గా నేరేడు రంగు గాజులు దుకాణంల ఉన్నయా, అద్దంలనే ఉన్నయా?"

"ఉన్నయి పెద్దమ్మా!"

"వద్దత్తమ్మా. మంది ఏమంటరు?"

"మందికి నేను జవాబు చెప్త. గా వట్టి చేతులతోని నువ్వు అన్నం పెడ్తుంటే ముద్ద దిగక సచ్చిన గిన్ని దినాలు. నోరు తెరిసి ఎయ్యమని చెప్పే ధైర్యం లేకపాయె. రా, కూసో."

ఇక్బాల్ బీ మంజులత చెయ్యి ఒడిలోకి తీసుకుంది. బొటనవేలి కుదురు నొక్కి చూసింది. ఆ చెయ్యి గాజును మరిచిపోయి బిగుసుకుపోయింది. మొదటి గాజు ఎముక దగ్గర ఆగింది. మంజులత పళ్లు బిగించింది. "మెత్తగ ఇడువు బిడ్డా, నన్ను సూడు" అంటూ ముసలామె వేళ్లను దగ్గరికి మడిచి నెమ్మదిగా తోసింది. గాజు దాటింది.

రిజ్వానా దగ్గరికి వచ్చింది. "బయట టీవీ ఉన్నదని నీకు చెప్పలే అక్కా. తప్పు నాదే. ఇప్పుడే బంద్ చేస్త."

మంజులత తల అడ్డంగా ఊపింది. "ఉండనియ్యి చెల్లె. ఇందాక నన్ను అడగకుండ సూపిచ్చినవు. ఇప్పుడు నేనే చెప్తున్న. సూడనియ్యి."

కమలాకర్ బయటికి నడిచాడు. హోటల్ దగ్గర వాళ్లంతా ఆయన చుట్టూ మూగారు. ఏం చెబుతాడో అని రిజ్వానా చెవులు రిక్కించింది.

"ఏమున్నది? మా పెద్దకోడలు గాజులేసుకుంటాంది. ఎన్నడు సూడలేదా? ఐలేశం, ఇంకో చాయ్ పొయ్యి!"

పెళ్లిలో గుసగుసలు లేకపోలేదు. ఇద్దరు ముగ్గురు మూతులు తిప్పుకున్నారు. లీలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని వాళ్ల ముందు నుంచే నడిపించుకుని వెళ్లింది. సుచరితకు గాజులు తొడిగేటప్పుడు పక్కన కూర్చుని వేళ్లు పట్టుకున్నది మంజులతే. ఆ తర్వాత ఎవరు వచ్చినా బయట టీవీలో చూపించమంటారా అని అడగకుండా రిజ్వానా తెర వెలిగించలేదు.

మన ఇళ్లలో ఇలాంటి వట్టి చేతులు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకుందాం. పోయినవాళ్ల కోసం కన్నీరు పెట్టడం ప్రేమ. కానీ ఆ పేరుతో బతికి ఉన్నవాళ్ల చేతులకు శిక్ష వెయ్యడం ఏ ధర్మమూ కాదు.